అడ్డం పదిహేడు

ఎట్నాయే, ఇంకేముంటుంది, ఇటలీలో నిప్పుకొండ, నాలుగు ఇంగ్లీషు అక్షరాలు, ముప్పై ఆరేళ్ళలో ఎన్ని వందలసార్లు నింపి ఉంటాడో ఆ గడులు, చెయ్యి తనంతట తనే రాసేస్తుంది, మరి ఇవాళ్టి క్రాస్‌వర్డ్‌లో అడ్డం పదిహేడు ఖాళీగా ఎందుకుంది, అనుకుంటూ డాక్టర్ల విశ్రాంతి గదిలో కాగితం ముందేసుకుని కూర్చున్న పరంధామయ్య కలం మూత తీసి, మళ్ళీ పెట్టి, ఎందుకుందో తెలిసీ తెలియనట్టు గోడ గడియారం వైపు చూశాడు, ఏడూ పది, ఏడున్నరకి మోకాలి ఆపరేషను, స్కూలు బస్సు నడిపే మనిషి, యాభై నాలుగేళ్ళు, ఇందాక తన చెయ్యి పట్టుకుని, డాక్, నిద్రపుచ్చితే సరిపోదు, లేపడం కూడా మర్చిపోకు అన్నాడు, మత్తు డాక్టరు కనపడితే ప్రతివాడూ వేసే జోకే, తనూ ఎప్పుడూ నవ్వే నవ్వే నవ్వాడు, ఆ తర్వాతే కదా.

ఆ తర్వాతే మందుల బండి దగ్గర నిలబడి సిరంజిలు నింపాడు, పేర్లు అచ్చేసిన స్టిక్కర్లు ఎప్పట్లాగే అయిపోయాయని తెల్లది తీశాడు, అందులోది కండరాల్ని పడేసే మందు, ఊపిరి తీసే కండరాన్ని కూడా వదలదు, చూడ్డానికి మంచినీళ్ళే, ఆ బండి మీద సగం మందులు మంచినీళ్ళలాగే ఉంటాయి, పేరు రాయకపోతే ఏది ఏదో నింపినవాడికే తెలీదు, పక్కనే మడిచిన క్రాస్‌వర్డు, రోగి లోపలికొచ్చాక కాగితం జేబులోకి పోవాలి, అది తను పెట్టుకున్న నియమం, ఒక్కనాడు తప్పలేదు, కానీ రోగి రాకముందు సంగతి ఆ నియమంలో లేదు, స్టిక్కరు మీద తేదీ వేశాడు, టైం వేశాడు, తన పేరు పొడి అక్షరాలు వేశాడు, అన్నీ ముత్యాల్లా ఉన్నాయి, మందు పేరు ఉండాల్సిన చోట ఎట్నా అని ఉంది.

పూజిత చూసింది, మత్తు విభాగంలో నర్సు, తెలిసినవాళ్ళ పిల్ల, ఇక్కడ అమెరికాలో, ఈ ట్రాయ్ ఊళ్ళోనే పుట్టి పెరిగింది, నలుగురిలో డాక్టర్ అంటుంది, ఎవరూ లేనప్పుడు అంకుల్, సిరంజిని వెలుతురుకి పెట్టి, అంకుల్, ఇది మీరు రాశారా, అంది మెల్లగా, తను చూశాడు, చూసి, నాలుగక్షరాలూ సరిపోయాయి కదా, ఇందులో తప్పేముంది అనుకున్నాడు, ఒక్క క్షణమే, ఆ ఒక్క క్షణమే ఇప్పుడు వదలడం లేదు, రాయడం కాదు, రాసింది చూసి కూడా బాగానే ఉందనుకోవడం, పూజిత సిరంజిని చెత్త డబ్బాలో పడేసి, నేను ఫ్రెష్‌గా డ్రా చేస్తా, సర్జన్ లేట్ అంట, మీరు కాఫీ తాగి రండి అంకుల్ అంది, గుమ్మం దాటుతుంటే వెనకనించి, నేను ఎవరికీ చెప్పను, మీరే చెప్పాలి అంది, అరకొర తెలుగే, అయినా సూటిగా తగిలింది.

చెప్పాలంటే ఏం చెప్పాలి, నిద్ర చాల్లేదని, స్టిక్కర్లు తెచ్చిపెట్టనివాళ్ళది తప్పని, ఏమీ జరగలేదు కదా అని, ఏమీ జరగలేదు నిజమే, మత్తు విభాగం చీఫ్ కూడా భుజం తట్టి పంపిస్తాడేమో, అరవై తొమ్మిదేళ్ళకి ఎవరికి జరగదు, పోయినేడు కారు ఎక్కడ పెట్టాడో తెలీక దుకాణం ముందు ముప్పావుగంట తిరిగొచ్చిన రోజున భార్య భానుమతి, ఇంక మానెయ్యరాదూ అంటే, ఆదివారం క్రాస్‌వర్డు ఆవిడ ముందు పడేశాడు, ఇదిగో, పెన్నుతో, ఒక్క కొట్టివేత లేదు, మతి పోయినవాడు చేసే పనేనా ఇది, అంటే ఆవిడ కూర తరగడం ఆపకుండా, మీ పరీక్షకి మీరే మార్కులేసుకుంటే ఎట్లాగండీ అంది, అప్పుడు కోపమొచ్చింది, ఇప్పుడు రావడం లేదు, గడిలో అక్షరం తోచకపోతే నిలువు పదం అందిస్తుంది, నిలువు మొరాయిస్తే అడ్డం అందిస్తుంది, నాలుగు వైపులా చుట్టాలే, సిరంజికి అట్లా పక్క గడి అంటూ ఉండదు.

ఏడూ పద్దెనిమిది, ఇంకాసేపట్లో పిలుస్తారు, పిలిచే గొంతు పూజితదే అయ్యుంటుంది, పాపం క్రాస్‌వర్డ్ పిచ్చి తన నించే అంటింది ఆ పిల్లకి, ఏడు నెలలుగా తనకంటే ముందే వస్తోంది, బండి దగ్గర చేరి, అంకుల్, నిలువు మూడు ఏంటి, అంకుల్, ఆ నది పేరు ఏంటి, అంటూ సిరంజిలు ఒక్కొక్కటే తీసి తిప్పి పెడుతుంటుంది, చేతులు ఊరుకోవు అనుకునేవాడు, పోయిన వారం అడ్డం పన్నెండు ఏంటి అంకుల్ అనడిగితే ఎంత నవ్వాడు, ఇవాళ అడ్డం పన్నెండే లేదు, నిలువే ఉంది తల్లీ, కాగితం చూసి అడుగు అని, ఆ పిల్లా నవ్వింది, కాగితం మాత్రం చూడలేదు.

చూడలేదు, ఆ మాట దగ్గరే ఆగిపోయాడు, చిన్నప్పుడు అరుగు మీద అమ్మ చేట ముందు పెట్టుకుని బియ్యంలో రాళ్ళేరేది, పక్కింటావిడతో పెళ్ళిళ్ళ కబుర్లు, నవ్వులు, మాటంతా అటే, చూపు మాత్రం చేటలోంచి లేచేది కాదు, రాయి దొరికితే కబురు తెగకుండానే వేళ్ళు తీసి పారేసేవి, ఎన్ని తీసిందో పక్కనున్నావిడకి కూడా తెలిసేది కాదు, ఏడు నెలలు, ఎన్ని తీసిందో.

కాగితం మడిచి బల్ల మీదే వదిలి, చీఫ్ గది వైపు నడుస్తూ పరంధామయ్య లెక్క కట్టబోయి మానేశాడు, ఆ పిల్ల ఇన్నాళ్ళలో ఒక్క గడి నింపలేదు, ఒక్క ఆధారం చదవలేదు, పొద్దున్నే వచ్చి అడ్డాలూ నిలువులూ అడుగుతూ చదివినవన్నీ తన చేత్తో రాసిన స్టిక్కర్లే.