తొండి లేని ఆట

జయరాం సారు గుడ్డసంచి బల్ల మీద బోర్లించి, వేరుశనక్కాయలు పదేసి చొప్పున పిల్లలకు పంచుతున్నాడు. సుద్దపొడితో తెల్లబడ్డ చొక్కా జేబు, దారంతో కట్టిన కళ్లద్దాల కాడ, చెప్పుల్లోంచి కనిపించే పగిలిన మడమలు. ఉద్యోగమంతా ఇలాంటి ఒంటి పంతులు బళ్లలోనే గడిచింది. ఒక శాలువా కప్పించుకున్నది లేదు, ఒక చెడ్డపేరు మోసిందీ లేదు.

ఆటలతో చదువు చెప్పండి, ఫోటో పెట్టండి అని పైనుంచి ఆర్డరు. వాళ్లదేం పోయింది! గులకరాళ్లిస్తే ఒకడి నుదురు పగిలింది. చింతగింజలిస్తే ఇంకొకడు ముక్కులో దూర్చుకున్నాడు. విసిగిపోయి శనక్కాయలు తెచ్చాడు. అనంతపురం పిల్లల చేతికి శనక్కాయలిచ్చి తినకుండా లెక్కపెట్టమన్న తెలివైనవాడు తనొక్కడే అయివుంటాడు. మొదటి రోజు తీసివేత దాకా పోకముందే తొక్కలు మిగిలాయి.

"ఇవి లెక్కకు! తింటే తోలు తీస్తా!" అని అరిచి అరిచి గొంతు పోయింది.

ఆట చిన్నదే. పదిలో కొన్ని దాచాలి, మిగిలినవి బల్ల మీద పెట్టాలి. ఎదుటివాళ్లు వాటిని చూసి, దాచినవెన్నో చెప్పాలి. అందరికీ పట్టుబడింది, భారతికి తప్ప. ఆ పిల్ల ఏడు చూపిస్తుంది. ఎదుటివాళ్లు మూడంటారు. గుప్పిట తెరిస్తే రెండే! ఇక బడంతా "తొండి, తొండి" అని ఒకటే గోల.

సారు దిగులు వేరే. శింగనమల చుట్టుపక్కల వాన జాడ లేదు. భారతి తల్లి సుంకమ్మ బెంగళూరికి కట్టడం పనికి పోవాలని చూస్తోంది. అక్కడ ఈ పిల్ల బడి మొహం చూస్తుందన్న నమ్మకం ఆయనకు లేదు. పోయేలోగా తీసివేతైనా వస్తే, రేపు అంగట్లో ఎవడూ మోసం చెయ్యలేడు. ఆ ఒక్క ఆశనూ తీరనివ్వదే ఈ పిల్ల!

"సార్, మళ్లా తొండి చేసింది సార్!" ఎదురుగా కూర్చున్న ఆంజి లేచి నిలబడ్డాడు.

సారుకు ఒళ్లు మండింది. "ఏందిమే, తిన్నావా?"

"తిన్లేదు సార్."

"మరి యాడికి పోయింది? రెక్కలొచ్చినాయా దానికి?"

భారతి తన పుస్తకాల సంచిని కాలితో వెనక్కి తోసింది. సారు దాన్ని అందుకుని దులిపాడు. పలకతో పాటు ఒక శనక్కాయ కింద పడింది.

"తమ్మునికి సార్" అంది భారతి. "సంచిలో ఒగటి, గుప్పిట్లో రెండు. దాచినవి మూడే గదా సార్."

సారు బల్ల మీది ఏడూ కలిపి చూసుకున్నాడు. పదే. తీసివేత వచ్చు! మొదటి నుంచీ వచ్చు!

"ఆ మాట ముందే చెప్పి ఏడవచ్చు గదమ్మా! నా పానం తీసినావు!" నెత్తి కొట్టుకున్నాడు. సంతోషం కూడా ఆయనకు విసుగులాగే బయటికొస్తుంది. "లెక్కకిచ్చినవి ఇంటికి కాదు. పెట్టు ఆడ."

తమ్ముడికి రేపు వేరే పొట్లం తేవాలనుకున్నాడు. పైకి మాత్రం అనలేదు. అంటే బడి మొత్తానికీ తమ్ముళ్లు పుట్టుకొస్తారు.

మధ్యాహ్నం అన్నాలయ్యాక ఆటో వచ్చి ఆగింది. చంకన పిల్లవాడితో, నెత్తిన మూటతో సుంకమ్మ వాకిట్లో నిలబడింది.

"పోతాండాం సార్. మేస్త్రీ ఇప్పుడే ఫోన్ చేసినాడు."

"పరీక్షల దాకానన్నా ఆగగూడదా?"

"ఆగితే కూడెవరు పెడతారు సార్?"

భారతి సంచి తగిలించుకుంది. వాకిలి వైపు పోకుండా నేరుగా సారు బల్ల దగ్గరికొచ్చి, పొద్దుటి శనక్కాయలు కొన్ని వరసగా పేర్చింది. గుప్పిట చాచింది.

"ఎన్ని దాచినానో చెప్పు సార్."

బల్ల మీద ఏడున్నాయి.

"మూడు" అన్నాడు సారు.

గుప్పిట తెరిచింది. మూడే.

"తొండి లేదు సార్" అని అవి కూడా బల్ల మీద పెట్టేసి, తల్లి వెనక పరుగెత్తింది.

"ఒసే, తమ్మునికి తీస్కపోవే!" సారు గుడ్డసంచి పట్టుకుని వాకిలి దాటేసరికి ఆటో మలుపు తిరిగిపోయింది. తనమీద తనకే కోపం ముంచుకొచ్చింది. ఆ ముక్క పొద్దున అనుంటే నోరు అరిగిపోయేదా?

లోపలికొచ్చి కూర్చున్నాడు. పిల్లలెవరూ, ఆఖరికి ఆంజి కూడా, బల్ల మీదికి చెయ్యి చాచలేదు. ఒక పక్క ఏడు శనక్కాయలు, ఇంకో పక్క మూడు. ఆ మూడింటి తొక్కల మీద చేతి చెమట ఇంకా ఆరలేదు.