వెనక్కి ఏడాది

కోచింగ్ సెంటర్లకు పేరుపడ్డ అశోక్‌నగర్‌లో కరెంట్ అఫైర్స్ అంటే ఓదెలే. ఎన్ని నెలలు వెనక్కి చదవాలో తేలనివాళ్ళంతా ఐదు రూపాయల భోజనం క్యూలో అతని వెనకాలే చేరేవారు. గ్రూప్స్ పరీక్షలు ఎనిమిదేళ్ళుగా రాస్తున్నాడు. ఉద్యోగం ఒక్కటీ రాలేదు గానీ పెద్దరికం మాత్రం దండిగా వచ్చింది.

"పరీక్ష తారీఖు నుంచి ఎనుకకు ఏడాది. గంతే. ఒక్క నెల ఎక్కువ సదివినా దండుగనే" అనేవాడు.

ఈసారి రాసేదే అతనికి ఆఖరు పరీక్ష. వచ్చే నోటిఫికేషన్ నాటికి వయసు దాటిపోతుంది. ఊళ్ళో బీడీలు చుట్టే భార్య ఫోనులో పరీక్ష మాటెత్తడమే మానేసింది. నాలుగు తిట్లు తిట్టినా బాగుండునని ఓదెలుకు అనిపించేది.

జూన్‌లో జరగాల్సిన పరీక్ష అక్టోబరుకు వాయిదా పడింది, అక్కడి నుంచి ఫిబ్రవరికి. పడిన ప్రతిసారీ ఓదెలు కొత్త నెలలు నోట్సులో చేర్చుకుని, వెనక నెలల కాగితాలు చించి పారేశాడు. చదివింది మరిచిపోవడానికీ క్రమశిక్షణ కావాలని ఉపన్యాసాలిచ్చాడు. పెద్దపల్లి నుంచి నిరుడే వచ్చిన రవళి అనే పిల్ల ఉండబట్టలేక అడిగింది.

"పాతయి ఉండనీయరాదే అన్నా?"

"బుర్రల జాగ ఉండాలె గదనే పిచ్చిదానా! తీసెయ్."

ఫిబ్రవరిలో పేపరు చేతికొచ్చింది. కరెంట్ అఫైర్స్ ఇరవై ప్రశ్నలు. ఒక్కటీ నిరుటి మే నెల దాటి ఇవతలికి రాలేదు. జూన్ పరీక్షకని ఎప్పుడో సిద్ధం చేసి బీరువాలో పెట్టిన పేపరునే దుమ్ము దులిపి ఇచ్చారని మూడో ప్రశ్న దగ్గరే అర్థమైంది. ఇరవైలో పదిహేను అతను చించేసిన నెలలవే. ఒకప్పుడు నిద్రలో లేపి అడిగినా టకటకా చెప్పిన పేర్లు, ఇప్పుడు నాలుక చివరిదాకా వచ్చి ఆగిపోయాయి. ఎంత కష్టపడి మరిచిపోయాడో!

గేటు బయట రవళి ఫోనులో జవాబులు సరిచూసుకుంటోంది.

"కరెంట్ అఫైర్స్ ఎన్నైనయే?"

"పద్దెనిమిది అన్నా."

"నేను తీసెయ్యమన్న నెలలు..."

"తీసెయ్యలే. రెండేండ్లయి సదివిన."

"మరి నా మాట?"

"ఏమనుకోకు అన్నా. నువ్వు ఎనిమిదేండ్ల సంది రాస్తున్నవ్, ఒక్క కొలువు రాలే. అందుకే నువ్వు ఏది వద్దంటే అదే సదివిన."

ఓదెలు కోపం తెచ్చుకుందామని చూశాడు. రాలేదు. సిగ్గుతో చెవులు మాత్రం మండాయి. తన మాట నమ్మి మునిగినవాళ్ళు ఇంకెవరైనా ఉన్నారేమోనని గేటు దగ్గర తెలిసిన ముఖాలన్నీ వెతికాడు. అందరూ నవ్వుకుంటూనే బయటికి వస్తున్నారు.