రేకు మీద పేరు

ఆదివారం పొద్దున్నే తోట సంఘం వాళ్లు చేసే మొదటి పని ఆకులు కడగడం. చిలకలూరిపేట జిన్నింగు మిల్లుల దూదంతా గాలికి వచ్చి ఊరి చివరి బొటానికల్ గార్డెన్ మీదే పడుతుంది. ముప్పై ఏళ్ల కిందట బోటనీ లెక్చరర్ శ్రీకృష్ణ గారు తొమ్మిది మందిని పోగేసి సంఘం పెట్టింది ఆ దూది దులపడానికే. రెండో పని, చెట్లకు కట్టిన రేకుల మీద పేర్లు చెరిగిపోకుండా చూడటం. పేరు చెరిగితే ఇక్కడి చెట్టు తానెవరో మరిచిపోతుంది. ఒకసారి వానలకు పొగడచెట్టు రేకు కొట్టుకుపోతే, పాపం, ఏ పువ్వు పూయాలో తెలియక అది మూడేళ్లు ఊరకే నిలబడింది.

పేర్లు రాసేది పెయింటర్ బుడాన్. ఫ్లెక్సీలు వచ్చాక ఊళ్లో అతని కుంచెకు పని లేకుండా పోయింది గానీ, తోటకు అతను లేనిదే గడవదు. మిగతావాళ్ల వంకర అక్షరాలకు చెట్లూ వంకరగానే పెరిగేవి.

ఈ ఏడాది బుడాన్‌కే మతిమరుపు వచ్చింది. వేపచెట్టుకు చింత అని రాశాడు. సంఘం నెల రోజులు చింతచిగురు పప్పు తిని ఊరుకుంది. ఆ తర్వాత అతను భార్య చాంద్‌బీనే "ఎవరండీ మీరు?" అని అడగసాగాడు. నలభై ఏళ్లు కాపురం చేసిన మనిషి నోట ఆ 'అండీ' వినడం కంటే తిట్లు తినడం నయమనిపించింది ఆమెకు.

ఓ ఆదివారం ఆమె బుడాన్‌ను వెంటబెట్టుకొచ్చి, ఖాళీ రేకు ఒకటి శ్రీకృష్ణ గారి ముందు పెట్టింది.

"మాస్టారూ, ఈయనక్కూడా రాసి కట్టండి."

ఆయనకు ప్రాణం లేచొచ్చింది. "పెయింటర్ బుడాన్ అని రాస్తానమ్మా. చెయ్యి మళ్లీ కుదురుతుంది, తోటా బతుకుతుంది."

"అట్లా వద్దండి. చాంద్‌బీ మొగుడు అని రాయండి."

"పోనీ, రెండూ రాద్దాం."

"లాటిన్ పేరూ తెలుగు పేరూ రెండూ రాయించి మామిడిని ఎండబెట్టింది మీరు కాదా?"

మూడొందల చెట్లు ఏమవుతాయని శ్రీకృష్ణ గారికి కోపం వచ్చింది, ఆ కోపానికి సిగ్గూ వేసింది. చివరికి ఆమె చెప్పిందే రాశారు.

మెడలో రేకు పడగానే బుడాన్ ఆమె జుట్టుకు పట్టిన దూది చేత్తో తీశాడు. "ఏమే, పొద్దున్నించీ ఏమన్నా తిన్నావా?" అన్నాడు.

శ్రీకృష్ణ గారు ఆశ చావక కుంచె అతని చేతికిచ్చారు. బుడాన్ దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఇదేంటండీ? దేనికి వాడతారు?"

చాంద్‌బీ అక్కడే కూలబడి ఏడ్చింది. ఆమె అతన్ని మొదట చూసింది నిచ్చెన మీద, మిల్లు గోడకు అక్షరాలు రాస్తుండగా. బుడాన్ ఆమె పక్కన కూర్చుని, ఎందుకేడుస్తున్నావే అని అడుగుతూనే ఉన్నాడు.