తడిపిన బండి

రొట్టెల పిండి పిసుకుతూ హేదియా పక్కకు జరిగింది. పక్కన ఎవరూ లేరు. లేరని ఆమెకూ తెలుసు. అయినా మట్టి పొయ్యి లోపలి గోడకు రొట్టెలు అతికించే ఆ వేకువ వేళలో, కిందటి శీతకాలం నుంచి, ఒక గొంతు వినిపిస్తూనే ఉంది: “కొంచెం జరుగు, హేదియా.” అది పొరుగింటి జన్నత్ గొంతు. మిరప తోటలకు కూలికి తీసుకుపోయే ట్రక్కు బండిలో ఏళ్ళ తరబడి హేదియా భుజానికి భుజం ఆనించి నిలబడిన జన్నత్, అదే బండిలోంచి పడి చనిపోయింది. గొంతు వినపడగానే హేదియా జరుగుతుంది. నిద్రలో కూడా జరుగుతుంది. “గోడలోకి దూరిపోతావా ఏం?” అని భర్త రిధా ఒకసారి విసుక్కున్నాడు. ఎవరికి చోటు ఇస్తున్నావని మాత్రం అడగలేదు.

ఈ రోజు తోటకు వెళ్ళే పని లేదు. రాజధాని తునిస్ నుంచి అధికారులు వస్తున్నారు. దేశం ఎదిగితే ఆ ఎదుగుదలలో పల్లె స్త్రీకీ వాటా ఉండాలన్నది ప్రభుత్వం కొత్తగా చేపట్టిన విధానం. అందులో భాగంగా కూలి స్త్రీలకు సీట్లున్న బస్సులు వస్తాయట. నడిపే లైసెన్సు ఎవరికివ్వాలో ఆ ఊరి స్త్రీలే చెప్పాలట. మంచి మనసుతోనే రాసి ఉంటారు. రాసినవారికి తెలియనిది ఒక్కటే. ఈ మైదానంలో బండి నడిపే ప్రతి మగవాడూ, ఆ బండి ఎక్కే ఏదో ఒక స్త్రీకి మరిదో, మేనమామో, మామగారో అయి ఉంటాడు. ఆడదాని మాటకు విలువ వచ్చిన రోజే ఆ మాట ఇంటివాళ్ళ ఆస్తి అయిపోయింది.

హేదియా ఎక్కే బండి నడిపేది ఆమె మరిది ఖమీస్. వంటగది గడప ఏనాడూ తొక్కనివాడు ఈ వారం దానిమ్మలు పట్టుకుని వచ్చాడు. “వదినా, నువ్వు రెండు మాటలు మంచిగా చెబితే చాలు. మిగతా ఆడవాళ్ళు నీ మొహం చూసి తలూపుతారు” అన్నాడు. ఆ సంగతి నిజమే. జన్నత్ పోయాక వాళ్ళు ఆమె మొహం వైపే చూస్తున్నారు. అత్త మస్ఊదా ఒక కాయ ఒలుస్తూ, ఇంటి గుట్టు బజారున పెట్టే కోడలికన్నా కప్పు కురిసే ఇల్లు నయమని ఎవరినో ఉద్దేశించినట్టు అంది. రిధా అయితే నేరుగానే చెప్పాడు. పగలంతా కాఫీ దుకాణంలో పేకాడి, తనకు తగిన పని ఈ దేశంలో లేదని నిట్టూర్చే మనిషి, పని దొరికే అదృష్టం ఆడవాళ్ళదేనని ఏళ్ళుగా ఆమెకు చెబుతున్న మనిషి. “ఏమడిగినా ‘మనవాడే’ అను. అంతకుమించి నోరు విప్పకు” అన్నాడు.

ఆ మూడూ ఆమె భరించగలిగినవే. వెళ్ళబోతూ ఖమీస్ అన్న మాటను మాత్రం భరించలేకపోయింది. బడి మానేసిన సిహెంను కూడా తోటకు పంపమన్నాడు. సిహెం హేదియా కూతురు. “బస్సు వచ్చేదాకా నా బండిలోనే వస్తుంది. ఆ మూల చోటు ఊరికే పోతోంది” అన్నాడు. రిధా తలూపాడు.

ఆ మూల జన్నత్ నిలబడిన చోటు. ఎంత ఇరుకైనా ఆడవాళ్ళెవరూ అక్కడ అడుగు పెట్టరు.

ఆ బండిలో కూర్చోవడం ఉండదు. తెల్లవారుజామున ఖమీస్ బకెట్టుతో నీళ్ళు తెచ్చి బండి అడుగంతా తడుపుతాడు. తడి మీద ఎవరూ కూర్చోరు. నిలబెడితే ఇంకా ఎక్కువమందిని ఎక్కించవచ్చు. చుట్టుపక్కల బండివాళ్ళందరిదీ ఇదే పద్ధతి. ఆ రోజు జన్నత్‌కు మోకాలు వాచింది. “ఖమీస్, ఈ ఒక్క రోజు ఆ మూల పొడిగా వదిలెయ్ నాయనా” అని బతిమాలింది. అతను నవ్వి, ఆ మూలనే ఇంకో బకెట్టు పోశాడు. వాగు వంతెన మలుపులో బండి ఊగింది. మోకాలు నిలవలేదు. పక్క చెక్క ఊడింది. పోలీసులు వచ్చి మగవాళ్ళను అడిగితే మంచు కమ్మిందన్నారు, రాసిపెట్టి ఉందన్నారు. మా ఆడవాళ్ళు బెదిరిపోయి ఉన్నారు, వాళ్ళను కదిలించకండి అన్నారు. ఆడవాళ్ళను ఎవరూ కదిలించలేదు.

పంచాయతీ హాలులో మగవాళ్ళు ముందు కుర్చీలలో, స్త్రీలు వెనక బల్లల మీద కూర్చున్నారు. సిహెం తల్లి పక్కనే ఉంది. అధికారిణి ఇన్సాఫ్ చిన్న వయసుది, మర్యాద తెలిసినది. హేదియాను పేరుతో పిలిచి, “ఖమీస్ గారి బండి గురించి చెప్పండి, పిన్నీ” అంది.

హేదియా లేచింది. “రోజూ బండి తడుపుతాడు” అంది.

“శుభ్రత పాటిస్తాడన్నమాట. చాలా మంచిది” అంటూ ఆమె రాసుకుంది.

ముందు వరుసలో ఎవరో గట్టిగా ఊపిరి వదిలారు. రిధా సంతృప్తిగా తలూపాడు. ఇక్కడితో ఆగిపోవచ్చు. ఆమె అబద్ధమాడినట్టూ కాదు, ఇల్లు చెడినట్టూ కాదు. ఒక చావు ఎంత సులువుగా మంచి గుణంగా మారిపోయిందో ఆమె నిలబడి చూసింది. ఆ కాగితం రాజధానికి వెళుతుంది, శుభ్రమైన బండి అని చదువుతారు, సిహెం ఎక్కుతుంది. ఎదుగుదలలో తమకిచ్చిన వాటా ఇదేనా? వెనక నుంచి ఊళ్ళో ఆడవాళ్ళ చూపులు ఆమె వీపును తాకుతున్నాయి. ఆ చూపులలో ఒకటి, బతికున్న మనిషిది కానిది కూడా ఉందని ఆమెకు తెలుసు.

“శుభ్రత కోసం కాదు తల్లీ. మేము కూర్చోకుండా ఉండటానికి. కూర్చోనివ్వమని అడిగిన మనిషి చచ్చిపోయింది.”

ఇన్సాఫ్ చేతిలో కలం ఆగింది. “ఆ రోజు బండి నడిపింది ఎవరు?”

“ఖమీస్. నా మరిది. మనవాడే. అందుకే ఇన్నాళ్ళూ మమ్మల్ని ఎవరూ అడగలేదు.”

ఖమీస్ లేచి, ఆమెకు పిచ్చి పట్టిందని, కిందటి శీతకాలం నుంచీ ఇదే వరసని అందరికీ చెప్పసాగాడు. రిధా అరవలేదు. హాలు మధ్య దారిన నడిచి వచ్చి, బయట పరువు కోసం వాడే మెత్తని గొంతుతో, “ఇంటికి పద” అన్నాడు. ఆ గొంతు వెనక ఏముంటుందో ఆమెకు తెలుసు. రాత్రికి ఆ ఇంటి తలుపు తెరుచుకోదనీ తెలుసు.

“నువ్వు పద. సిహెంను ఇక్కడే ఉండనీ, తను కూడా వినాలి” అంది హేదియా. తరువాత అధికారిణి వైపు తిరిగి, ఆ రోజు బండిలో నిలబడిన వాళ్ళ పేర్లు చెబుతాను రాసుకోమని, జన్నత్ పేరుతో మొదలుపెట్టింది.