లాజరు గారి రగ్బీ సవరణలు

1978 జనవరి రెండో తేదీ, సోమవారం. ఆ మధ్యాహ్నం చింతకాయ వేసి వండిన రొయ్యల కూరతో అన్నం తిన్నాను. పక్కింటి కృపమ్మ గారు పంపారు. నా భార్య పోయిన ఈ నాలుగేళ్ళలో ఆవిడ ఒక్కసారి కూడా నాకు చేపల పులుసు పంపలేదు. ఒంటరిగా తినేవాడి గొంతులో ముల్లు గుచ్చుకుంటే వీపు తట్టే మనిషి ఉండదని ఆవిడ భయం. అడిగితే మాత్రం "ఇవాళ చేపలు బాలేవండి" అంటారు.

గిన్నె తెచ్చిన ఆవిడ భర్త లాజరు గారు నేను తిన్నంతసేపూ ఎదురుగా కూర్చున్నారు.

"మాస్టారూ, జనం కూర్చుంటారంటారా?"

"ఎందుకు కూర్చోరండీ? ఊళ్ళో ఇవాళ ఇంకేం పనుంది?"

"అలా తేలిగ్గా అనెయ్యకండి. ఆఖరిదాకా జనం కదలకపోతేనే రగ్బీని ఏటా కొత్త సంవత్సరం ఆటల్లో పెడతానన్నాడు సుందరరావు. లేచిపోయేరో, మళ్ళీ కుర్చీలాటే."

సుందరరావు మా చర్చి యువజన సంఘం కార్యదర్శి. ఊళ్ళో ఏకైక మైకు కూడా అతని చేతిలోనే ఉంటుంది.

లాజరు గారు కలకత్తాలో ఇరవయ్యారేళ్ళు ఓడరేవు ఆఫీసులో జవానుగా పనిచేశారు. శనివారం సాయంత్రాలు ఒక క్లబ్బు మైదానం అంచున నిలబడి రగ్బీ చూసేవారు. ఒక్కసారీ ఆడలేదు. ఆడమన్నవాళ్ళూ లేరు. రిటైరై వచ్చేటప్పుడు కుట్లూడిన పాత బంతి ఒకటి తెచ్చుకుని, లోపల సైకిలు ట్యూబు ముక్కలు అతికించుకున్నారు. నిజమైన అభిమాని కాబట్టి ఆ ఆటంటే ఆయనకు ప్రాణం. అందులో ఆయనకు నచ్చినవి మాత్రం బహు తక్కువ. చూసేవాళ్ళ బాధ ఆడేవాళ్ళకు పట్టదని ఆయన ఫిర్యాదు. అందుకని ఇరవై మూడు సవరణలు తయారుచేశారు. బంతి మీద పదిమంది పడి, అయిదు లెక్కపెట్టేలోగా లేవకపోతే, దాన్ని లాగి అవతలి జట్టుకు ఇచ్చెయ్యాలి. ఈల ఊదినవాడు ఎందుకు ఊదాడో అందరికీ వినపడేలా చెప్పాలి. భయమేసి బంతిని మైదానం బయటికి తన్నినవాడు తనే వెళ్ళి తెచ్చుకోవాలి. ఇలాంటివి. వాటిని నేను ఇంగ్లీషులో రాసి లండనుకు పోస్టు చేశాను. రెండేళ్ళైనా జవాబు రాలేదు. వాళ్ళింకా చర్చిస్తున్నారని ఆయన నమ్మకం.

చర్చి వెనక మైదానంలో వెదురు బొంగులు పాతి, ముగ్గుతో గీతలు వేశాం. పదిహేనేసి మంది దొరక్క తొమ్మిదేసి మందితో సరిపెట్టుకున్నాం. బంతి పట్టుకుని అవతలి గీత దాటి నేలకు ఆనిస్తే పాయింట్లు. దాటకుండా ఎదుటివాళ్ళు నడుం పట్టి పడెయ్యొచ్చు. నెల్లాళ్ళు నేర్పిన లాజరు గారు మెడలో ఈల వేసుకుని దిగారు.

ఆట మొదలైన రెండో నిమిషంలో ఆరుగురు ఒకరి మీద ఒకరు పడ్డారు.

"అయ్యయ్యో, పడిపోయేరు!" అంటూ పాతికమంది జనం లోపలికి పరిగెత్తారు. ఒకావిడ చెంబుతో నీళ్ళు తెచ్చింది. ఇంకొకాయన కొబ్బరిబొండాం కొట్టుకొచ్చాడు.

"ఆటండీ! వదిలెయ్యండి!" లాజరు గారు అరిచారు.

"ఆటైతే మాత్రం, పడ్డోళ్ళని అలా చూస్తా కూర్చుంటామేంటండీ? మనుషులం కామా?"

పడినవాళ్ళ దుమ్ము దులిపి, బొండాం తాగించి, మళ్ళీ ఆడనిచ్చారు. ఇది ఆరుసార్లు జరిగింది. రగ్బీని ఇంత దయగా చూసిన ప్రేక్షకులు ఈ భూమ్మీద మరెక్కడా ఉండరు.

బంతిని చేత్తో వెనక్కే విసరాలన్న నియమం నా పక్కన నిలబడి చూస్తున్న పడవల ముత్యాలరాజుకు మింగుడుపడలేదు.

"గీత అటుంటే ఇటు ఇసుర్తాడేంటండీ, మాస్టారూ?"

"ముందుకెళ్ళాలంటే వెనక్కే ఇవ్వాలి. అదే ఆట."

"ఆయ్. తాలూకా ఆఫీసులో నా కాయితం కూడా ఇలాగే ఎల్తందండి."

సవరణ ప్రకారం ఈల కారణం ప్రకటించే బాధ్యత సుందరరావుది. "లాజరు గారు ఈల వేసేరు. ఎందుకేసేరో కనుక్కుని చెప్తాను," అని మైకు పెట్టేసి వెళ్ళేవాడు. తిరిగొచ్చేలోగా ఇంకో ఈల పడేది.

ఇదంతా జనానికి బాగానే ఉంది. బాగోనిది దొరబాబు ఆట.

దొరబాబు ఆనాటి ముఖ్య అతిథి బుచ్చిరాజు గారి రెండో కొడుకు. కాకినాడలో చదువుతున్నాడు. మైదానంలో ఉన్న పద్దెనిమిది మందిలో పద్నాలుగు మంది తండ్రులు బుచ్చిరాజు గారి కొబ్బరితోటల్లో చెట్లెక్కి కాయల దింపు తీసేవాళ్ళే. దొరబాబు చేతికి బంతి రాగానే ఎదుటి జట్టు వీర్రాజు పక్కనే నడిచేవాడు, పెళ్ళికొడుక్కి గొడుగు పట్టినట్టు.

"తమరు కాస్త ఆగితే పట్టుకుంటానండి."

"ఆగితే ఇంక పట్టుకోడం ఎందుకురా?"

"ఆయ్, అదీ నిజమేనండి."

నాలుగుసార్లు దొరబాబు అలాగే నడుచుకుంటూ వెళ్ళి బంతి దించి వచ్చాడు. ఇంటి నుంచి తెప్పించుకున్న పడక్కుర్చీలో బుచ్చిరాజు గారు చప్పట్లు కొట్టారు. ఆడవాళ్ళు చాపలు చుట్టడం మొదలుపెట్టారు. సగం మంది లేచారు. లాజరు గారు ఆటను చూడటం మానేసి వాళ్ళ వీపులే చూస్తున్నారు.

విరామంలో సుందరరావు టీతోపాటు కబురు తెచ్చాడు.

"రాజు గారు చాలా సంతోషించేరండి. ఏటా గంటసేపు పెట్టమన్నారు. ఇనప స్తంభాలు వేయిస్తారంట. మదరాసు నుంచి కొత్త బంతి తెప్పిస్తారంట. ఒక్క సవరణ మాత్రం కోరేరు."

సవరణ అనేసరికి లాజరు గారి ముఖం వెలిగింది. "ఏంటది?"

"దొరబాబు గారిని పట్టుకోకూడదని రాసుకోమన్నారు. ఎలాగూ ఎవరూ పట్టుకోవట్లేదు కదండీ."

"మరి జనం?"

"జనం సంగతి రాజు గారు చూసుకుంటారు. కూర్చోమంటే కూర్చుంటారు."

ప్రేక్షకుల కొరతకు ఇంత చక్కని మందు లండను వాళ్ళకు తట్టి ఉండదు. లాజరు గారు టీ మొత్తం ఊదుకుంటూ తాగారు. తర్వాత మెడలోని ఈల తీసి నా మెడలో వేశారు.

"వీర్రాజూ, నువ్వు కూర్చో. కాలు పట్టేసింది నీకు."

"లేదండీ, బానే ఉంది."

"పట్టేసిందన్నానా?"

"ఆయ్, పట్టేసిందండి."

అరవై రెండేళ్ళ మనిషి పంచె ఎగ్గట్టి మైదానంలోకి నడిచారు. ఆట మొదలవగానే బంతి మామూలుగానే దొరబాబుకు చేరింది. కాలేజీ పుస్తకంలా చంకలో పెట్టుకుని తాపీగా వస్తున్నాడు.

"తప్పుకోండి లాజరు గారూ!"

"తప్పుకోను బాబూ," అంటూనే ఆయన నడుం పట్టేశారు. ఇద్దరూ దబ్బున పడ్డారు. బంతి దొర్లిపోయింది.

ఈసారి బొండాం పట్టుకుని ఎవరూ పరిగెత్తలేదు. పడక్కుర్చీలోంచి బుచ్చిరాజు గారు లేచారు. "ఈల వెయ్యండి మాస్టారూ! ఈల!" సుందరరావు అరుపు మైకులో ఊరంతా వినపడింది. ఈల నా పెదాల మధ్యే ఉంది. జీవితంలో ఎవరి మాటా కాదని ఎరగనివాణ్ణి. ముక్కుతో గాలి పీల్చుకుంటూ నిలబడ్డాను.

బంగారరాజు అనే ఎదుటి జట్టు కుర్రాడు బంతి అందుకుని పరిగెత్తాడు. దొరబాబు లేచి, ఒక్క క్షణం వాళ్ళ నాన్న వంక చూసి, బంగారరాజు వెంటపడి వాణ్ణి పడేశాడు. మైదానం హోరెత్తిపోయింది. ఆ తర్వాత అందరూ అందరినీ పట్టుకున్నారు. దారిలో ఉన్నవాళ్ళు వెనక్కొచ్చి చాపలు మళ్ళీ పరిచారు.

ఆట అయ్యాక చిరిగిన చొక్కాతో దొరబాబు నా దగ్గరకొచ్చాడు. "మొదట్నుంచీ ఇలా ఆడితే ఏం పోయిందండీ? ఒక్కణ్ణే తిరిగి తిరిగి విసుగొచ్చేసింది." అప్పటికి వాళ్ళ నాన్నగారు వెళ్ళిపోయారు. ఖాళీ పడక్కుర్చీని ఇద్దరు మనుషులు వెనకాల మోసుకెళుతున్నారు.

సాయంత్రం సంఘం సమావేశమైంది. ఈ ఆట మన ప్రాంతపు మర్యాదకు విరుద్ధమని తీర్మానించారు. కుర్చీలాటకు కుర్చీలు బుచ్చిరాజు గారు ఇస్తారు. నేను కాదన్నాను. తీర్మానాల పుస్తకంలో మాత్రం "మాస్టారు గారు కూడా హాజరైరి" అని రాసుకున్నారు.

కబురు చెప్పడానికి వెళ్ళేసరికి లాజరు గారు మంచం మీద ఉన్నారు. కృపమ్మ గారు ఆయన మోకాలికి ఉప్పు కాపడం పెడుతున్నారు.

"చూసేరా అన్నయ్య గారూ, మనవల్నెత్తే వయసులో కుస్తీలు!"

"పెట్టేరా, మాస్టారూ?" అడిగారు లాజరు గారు.

"లేదండీ. కుర్చీలాటే."

ఆయన కాపడం మూట తనే అందుకుని మోకాలికి అద్దుకున్నారు.

"పట్టుకున్నప్పుడు," అన్నారు, "ఆ అబ్బాయి గుండె నా చెవికి ఆనిందండి. నా గుండె కంటే గట్టిగా కొట్టుకుంటంది."

ఇంకేదో చెబుతూనే నిద్రలోకి జారుకున్నారు. కృపమ్మ గారు దుప్పటి కప్పి, నన్ను గుమ్మం దాకా సాగనంపి, కిర్రుమనకుండా తలుపు కొంచెం పైకెత్తి మెల్లగా మూసుకున్నారు.