మొదటి నీళ్లకు

నీళ్లు పోసిన ప్రతిసారీ రజిత బిడ్డ కాస్త పొట్టిదవుతోంది. మొదట్లో తల్లి మోచేతి నుంచి వేళ్ల కొసల దాకా ఉండేది. ఇప్పుడు మణికట్టు దగ్గరే అయిపోతోంది. మిగతాదంతా సరిగ్గానే ఉంది. ముక్కు, గోళ్లు, కోపం, అన్నీ ఆ కొలతకు తగ్గట్టే ఉన్నాయి.

"పసిపిల్లంటే కోరా గుడ్డ గదనే. కొత్తది మొదటి నీళ్లకు గుంజుకుంటది," అంటుంది అత్త ఎల్లవ్వ, చాటలో బియ్యం ఏరుతూ. "నీ మొగడు గింతైండు. కొంగుల ముడేసుకొని నాట్లకు పోయిన. ఇప్పుడు జూడు, దర్వాజకు నెత్తి కొట్టుకుంటడు."

"ఎన్ని నీళ్లకు ఆగుతదత్తమ్మా?"

"గుడ్డను బట్టి ఉంటది."

రజితకు కూర్చోబుద్ధి కాదు. బిడ్డను భుజాన వేసుకొని వంటింటి నుంచి వాకిలికి, వాకిలి నుంచి వంటింటికి తిరుగుతుంది. తిరిగేకొద్దీ వంటిల్లు దూరం జరుగుతోంది. పొయ్యి మీద పాలు పొంగడం కనిపిస్తుంది గానీ, అక్కడికి చేరేసరికి అవి పెరుగై ఉంటాయి. ఆమె వాటిని దించి పక్కన పెడుతుంది.

బిడ్డను ఉయ్యాల తొట్టెలలో వేసే రోజుకు బొంత కుట్టాలి. పైనా కిందా కొత్త కోరా గుడ్డ, లోపల రజిత తల్లి చీరలు. తల్లి తునికాకుతో బీడీలు చుట్టేది. కాన్పుకు తీసుకుపోవాల్సిన మనిషి కాన్పుకు ముందే పోయింది. చీరలు మాత్రం సంచిలో వచ్చాయి, తునికాకు వాసనతో. ఆ వాసన తగిలితే బిడ్డ ఏడుపు ఆపుతుంది. ఆ చీరల మీద పడుకున్నంతసేపు పొట్టి కాదు కూడా.

ఎల్లవ్వ బకెట్లో సబ్బుపొడి కలుపుతుంది.

"చీరలిటు తే. అన్నీ ఉతికినంకనే కుట్టాలె. ఉతకకుండ కుడితే రేపు పిల్ల ఉచ్చ పోసినప్పుడు ఏం జేస్తవ్? ఒక్కటి గుంజుకుంటది, ఒక్కటి గుంజుకోదు. బొంత ముడతలు ముడతలైతది. పిల్లకు ఒత్తుకుంటది."

"కోరా ఉతుకు. అమ్మ చీరలు వద్దు."

"ఎందుకట?"

"ఉతికితే అమ్మ పోతది."

"పోయినామె మల్లెట్ల పోతదే?"

"మొత్తం పోలే. ఇంకా గింతున్నది," అని రజిత చేతులతో చూపిస్తుంది. చేతుల మధ్య బిడ్డంత జాగా ఉంది.

ఎల్లవ్వ గొణుక్కుంటూ కోరా గుడ్డను నానబెడుతుంది. గుడ్డ గుంజుకుంటుంది. దానితో పాటు వాకిలి కూడా గుంజుకుంటుంది. పక్కింటి భాగ్యమ్మ గోడ మీద నుంచి తల పెట్టి, "మీ ఇల్లు జర దగ్గరికొచ్చిందే. మంచిగైంది, చక్కెరకు అంత దూరం నడిచే బాధ తప్పింది," అంటుంది.

గుడ్డ ఆరగానే రజిత బొంత పరుస్తుంది. ఉతికిన కోరా మధ్యలో ఉతకని చీరలు. బిడ్డను నడిమిట్ల పడుకోబెట్టి చుట్టూ కుట్టడం మొదలుపెడుతుంది. సూదిని కిందికి దించితే, అవతల ఎవరో అందుకొని పైకి పంపుతున్నారు. బీడీలకు దారం కట్టిన చెయ్యి. బిగించే తీరులోనే తెలిసిపోతుంది.

"కింద మీ అమ్మనా?" అంటుంది ఎల్లవ్వ.

"ఔ."

"అయితే ఆమెనే అడుగు, ఉతకాల్నో వద్దో. వియ్యపురాలి మాట నేను కాదంటనా?"

రజిత బొంతకు నోరానించి అడుగుతుంది. సూది దించుతుంది. ఈసారి అది తొందరగా రాదు. వచ్చినప్పుడు తడిగా వస్తుంది.

"చూసినవా? అటుదిక్కు ఆమె నానబెట్టనే పెట్టింది."

రజిత బిడ్డ వైపు చూస్తుంది. ఉతకని చీరల వేడికి బిడ్డకు చెమట పట్టింది. చెమట కూడా నీళ్లే. బిడ్డ ఇప్పుడు బీడీ కట్టంత ఉంది.

"ఇవి గూడ ఉతికితే నా బిడ్డకు ఏం మిగుల్తదత్తమ్మా?"

"నువ్వు మిగుల్తవు. నువ్వు గూడ గుంజుకపోయినవా ఏంది?"

రజిత బిడ్డను రవికెలో పెట్టుకుంటుంది. కుట్లు విప్పుతుంది. తల్లి చీరలను తన చేత్తోనే బకెట్లో ముంచి, బండకేసి ఉతుకుతుంది. తునికాకు రంగు నీళ్లు దిగుతాయి. అవి మోరీ కాలువలోకి పోవు. వాకిలి దాటి, వీధిలోకి తిరిగి, ఇంటింటి తలుపూ తడతాయి.

"బాలింత ఉన్న ఇల్లేది?" అని అడుగుతాయి.

"గదే, వెనకకు తిరుగు," అంటుంది భాగ్యమ్మ.

నీళ్లు ముందు తలుపు గుండా లోపలికి వస్తాయి. పీట మీద కూర్చొని కాళ్లు చాపుతాయి.

"కాన్పుకు అందుకోలేకపోయిన బిడ్డా. పిల్లనియ్యి, స్నానం పోస్త."

రజిత రవికె మీద చేతులు అడ్డం పెట్టుకుంటుంది. నీళ్లు పోస్తే ఇక బిడ్డ ఉండదేమోనని ఆమె భయం. ఎల్లవ్వ ఆమె మోచెయ్యి పట్టి ముందుకు తోస్తుంది. రజిత ఇస్తుంది.

నీళ్లు బిడ్డను కాళ్ల మీద వేసుకుంటాయి. తమను తామే పోసుకుంటూ వీపు రుద్దుతాయి. ఒక చెయ్యి లాగుతాయి, ఒక కాలు లాగుతాయి. బిడ్డ సాగుతుంది. మణికట్టంత అవుతుంది, మోచేతంత అవుతుంది, ఆగదు. కాళ్లు గడప దాటి వీధిలోకి పోతాయి.

"చాలమ్మా!"

"ఇప్పుడే గదా మొదలైంది," అంటాయి నీళ్లు.

రజిత తువ్వాలు తీసుకొని ముందు తల తుడుస్తుంది, తర్వాత మెడ, తర్వాత పొట్ట. తుడుస్తూ వీధిలోకి నడుస్తుంది. బస్టాండు దగ్గర మగవాళ్లు చాయ్ గ్లాసులు ఎత్తి పట్టుకొని బిడ్డ మోకాలికి దారి ఇస్తున్నారు. అక్కడి నుంచి పిక్క చెరుకు తోటల వైపు మలుపు తిరిగింది. రజిత అడుగు వేగం పెంచుతుంది. గాలి లేస్తోంది. పాదం ఇంకా కనబడడం లేదు. అది చల్లబడకముందే చేరుకోవాలి.