సీల్ పిల్లకి చన్నీళ్లు

అమెరికాలోని శాంటా క్లారాలో తెలుగువాళ్ల ఇంట బిడ్డ పుడితే నీళ్లు పోయడానికి నన్నే పిలిచేవారు. కాళ్లు చాపి, బిడ్డను వాటిమీద బోర్లా పడుకోబెట్టుకుని, ఒళ్లు ఎర్రబడేదాకా వేణ్నీళ్లు పోసేదాన్ని. ఆసుపత్రిలో నెలలు నిండని పిల్లల వార్డులో పదకొండేళ్లుగా నర్సుని. జ్ఞానమ్మ చేతిలో పడ్డ బిడ్డ బతికి బట్టకడుతుందని పేరు. ఆ పేరు నా నెత్తికెక్కిందంటే ఒప్పుకుంటాను.

1984 ఏప్రిల్లో, తల్లి లేని సీల్ పిల్లల్ని సాకే ఒక చిన్న కేంద్రానికి వెళ్లడం మొదలుపెట్టాను. నాది రాత్రి డ్యూటీ. మధ్యాహ్నాలు గంటసేపు కారు నడుపుకుంటూ సముద్రపు ఒడ్డుకి పోయేదాన్ని. అక్కడ నాకు తోడు ఉషా. ఇక్కడే పుట్టిన తెలుగు పిల్ల, కాలేజీలో జీవశాస్త్రం చదువుతోంది.

మా వంతుకొచ్చిన పిల్లకి ఒంటినిండా తెల్లటి నూగు. ఈ జాతి పిల్లలు ఆ నూగుని తల్లి కడుపులోనే వదిలేసి పుట్టాలట. ఇది తొందరపడి పుట్టింది. నూగు తడిస్తే వెచ్చదనం నిలవదు, చర్మం కింద కొవ్వా లేదు. చేపల గుజ్జు గొట్టంతో పట్టించాం. నెల తిరిగేసరికి నూగు రాలింది, మెడ మడతలు పడింది.

కేంద్రంలో జంతువులను చూసే డాక్టరమ్మ గడువు పెట్టింది. జూన్ పదిహేనున సముద్రమంత చల్లటి నీళ్లలో గంటసేపు ఒంటి వేడి పోగొట్టుకోకుండా ఉండాలి. లేకపోతే ఏదో అక్వేరియంకి, జన్మంతా తొట్టిలోకి. ఎదురుగా సముద్రం పెట్టుకుని దీనికి తొట్టి బతుకా? నాకు ఒళ్లు మండింది. దీన్ని అలల్లోకి పంపే తీరతాననుకున్నాను.

రోజూ కాసేపు చన్నీళ్ల తొట్టిలో దింపాలి. దింపితే వణికేది. పొట్టమీద చెయ్యి వేస్తే చల్లగా తగిలేది. నా వార్డులో బిడ్డ ఒళ్లు చల్లబడితే గుండెలు జారిపోతాయి. అందుకే ఉషా నీళ్ల వేడి రాసుకుని చేపలు కోయడానికి వెళ్లగానే, రెండు బకెట్ల వేణ్నీళ్లు తెచ్చి పోసేదాన్ని. వణుకు ఆగేది. పిల్ల లోపలి వేడి చూపే మీటర్ అంకెలు చార్టులో ముచ్చటగా ఉండేవి.

జూన్ రెండున నేను వెళ్లలేకపోయాను. ఆ రోజు పిల్ల ఇరవై నిమిషాలకే నాలుగు డిగ్రీలు చల్లబడింది. మర్నాడు ఉషా చార్టు పట్టుకుని ఎదురొచ్చింది.

"ఆంటీ, మీటర్ పాడయిందా? మీరుంటే పర్ఫెక్ట్, లేకపోతే జీరో."

నోరు మూసుకుని ఉండొచ్చు. మనసొప్పలేదు.

"మీటర్ బానే ఉందమ్మా. నేనే వేణ్నీళ్లు పోశాను."

"వాట్? ఎన్ని రోజులు?"

"మూడు వారాలు."

ఉషా ఏడ్చినంత పనిచేసింది. "రీడింగ్స్ అన్నీ వేస్ట్ అయింది ఆంటీ! దానికి ఫ్యాట్ వచ్చింది. కానీ కోల్డ్ తగిలితేనే కదా స్కిన్‌కి బ్లడ్ తగ్గించడం ప్రాక్టీస్ అవుతుంది! మీరు ఆ చాన్సే ఇవ్వలేదు."

సిగ్గుతో తల కొట్టేసినట్టయింది. మేలు చేయబోయి కీడు చేశాను. డాక్టరమ్మకి నేనే వెళ్లి చెప్పాను. ఆమె గడువు పెంచలేదు. ఉన్నవి పన్నెండు రోజులు. ఆసుపత్రిలో సెలవు పెట్టి, ఆ పన్నెండు రోజులూ నేనే దింపుతానన్నాను.

రోజుకి మూడుసార్లు. మొదట ఐదు నిమిషాలు, తర్వాత పది, ఆపైన ఇరవై. అది వణుకుతుంటే నేనూ చెయ్యి నీళ్లలో పెట్టి కూర్చునేదాన్ని. వేళ్లు తిమ్మిరెక్కేవి. అది పెద్ద కళ్లతో నావైపే చూసేది.

"నన్నెందుకే చూస్తావు? నీ వేడి నువ్వే దాచుకోవాలి," అనేదాన్ని.

చేపలు మాత్రం కడుపు పగిలేలా పెట్టాం.

పదిహేనో తేదీన డాక్టరమ్మ గడియారం పట్టుకుని నిలబడింది. నలభై నిమిషాలు గడిచాయి. ఆగలేక పిల్ల డొక్కమీద చెయ్యి వేశాను. మంచుగడ్డలా ఉంది. పైప్రాణాలు పైనే పోయాయి.

"ఉషా, చల్లబడిపోయిందే!"

"కూర్చోండి ఆంటీ. నంబర్ చూడండి."

మీటర్లో తొంభై తొమ్మిది. డిగ్రీ కూడా తగ్గలేదు.

"స్కిన్ కోల్డ్ ఉంటేనే గుడ్. బ్లడ్ లోపలే ఉంచుకుంది. హీట్ బయటికి పోవట్లేదు."

అరచేతికి వెచ్చగా తగిలితేనే ప్రాణం నిలుస్తుందని ఇన్నేళ్లూ నమ్మాను. ఈ పిల్ల పైన చల్లబడి లోపల నిలదొక్కుకుంది. గంట పూర్తయింది. అంకె కదల్లేదు. నాకు ఏడుపొచ్చింది, అందరి ముందూ ఏడ్చాను.

పిల్లను పైకి తీయడానికి డాక్టరమ్మ వల తెచ్చింది. నేను అడ్డం నిలబడ్డాను.

"ఇంకో గంట ఉండనివ్వండి."